అవ్వ నల్లాలో తోలు బిళ్ల

నల్లగొండలో ఇంటికి నల్లా రావడమంటే ఆ రోజుల్లో కొత్త అల్లుడు వచ్చినంత సందడి. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. నీళ్లు రాని వేళలో కూడా ఒకసారి తిప్పి చూసి మురిసిపోయేవారు. మా పేట మొత్తానికి నల్లాలు బిగించే మిస్త్రీ ఒక్కడే. భుజం మీద ఇనుప పానా లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు కాబట్టి అందరికీ పానా చాచా. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. నేను చేసిన తప్పుల్లో అది చిన్నది.

అరవైల మొదట్లో సంగతి. నేను కొత్తగా సైన్సు పంతులునయ్యాను. (ఉద్యోగం తాత్కాలికం, గర్వం మాత్రం పర్మినెంటు.) మా అవ్వకు డెబ్బై దాటాయి. మడి కట్టుకుని గల్లీ చివరి చేదబావి నుంచి తన తాగే నీళ్లు తానే తెచ్చుకునేది, ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. ముందు వేసవిలో బావిగట్టు మీద జారిపడి తుంటి వాచింది. ఇంకోసారి పడితే మంచం దిగదని దవాఖానలో చెప్పారు. అందుకే మా బాపు నానా తిప్పలు పడి వాకిట్లోకి నల్లా వేయించాడు.

చాచా నల్లా బిగించాడు. అవ్వ చెంబు పట్టుకుని వచ్చి, దూరంగా నిలబడి అడిగింది.

"గీ నల్లా లోపట ఏముంటది సాయిబూ?"

"తోలు బిళ్ల ఉంటది అమ్మా. అది లేకుంటే నీళ్లు ఆగయి."

చాచాకు అబద్ధం రాదు. అవ్వ బిందె తీసుకుని బావి దారి పట్టింది. నేను వెంటపడి వాదించాను. "మన పొలానికి నీళ్లు తోడే మోట తోలుది కాదా? ఆ బియ్యం తినవా?" అన్నాను. "ఆ నీళ్లు భూమి తాగింది. నేను తాగలె" అంది. నా సైన్సు అక్కడితో ఆగిపోయింది. పట్టుదల మాత్రం ఆగలేదు. "రేపటికల్ల తోలు తీసి పారేస్త, నువ్వు బావికి పోవద్దు" అని మాటిచ్చాను.

ఉన్నికి మైల అంటుకోదని అవ్వే చెప్పేది. తాత జపానికి వేసుకుని కూర్చున్న పాత గొంగడి అటక మీద ఉంది. దాని మూల నుంచి పావలా బిళ్లంత గుండ్రంగా మూడు ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టాను. మధ్యాహ్నం నల్లా నీళ్లు రావు కదా అని దర్జాగా నల్లా తల విప్పి, తోలు తీసేసి, గొంగడి బిళ్ల పెట్టి బిగించాను. అవ్వ చేతులు జోడించి నల్లాకు దండం పెట్టింది. ఆ దండంలో సగం నాదే అనుకున్నాను.

సాయంత్రం నీళ్లు వదిలారు. మొదట చుక్కచుక్కగా, ఆ తర్వాత దారంలా కారడం మొదలైంది. బిగిస్తే ఆగుతుందని ఇంట్లో ఉన్న పానా తెచ్చి, ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. (పాఠకులారా, కారే నల్లాను బలంతో బిగించకండి. బిళ్ల నలిగిందంటే ఎంత తిప్పినా ఆగదు, మర మాత్రం అరుగుతుంది.) నల్లా తల ఊడి నా చెవి పక్కనుంచి ఎగిరిపోయింది. దాని వెనకే నీళ్లు మా వసారా దూలం దాకా లేచాయి. మంచం మీద అవ్వ ఆరబెట్టిన వడియాలు మళ్లీ పిండి అయ్యాయి. నేను రెండు అరచేతులతో గొట్టం మూయబోతే నీళ్లు నా ముఖాన్నీ బాపు ధోవతినీ వంతులవారీగా తడిపాయి. అవ్వ మాత్రం అరుగు మీదనుంచి "గంగమ్మా, చాలు తల్లీ, జర ఆగు" అని బతిమాలుతోంది.

బాపు పరుగున పోయి చాచాను తెచ్చాడు. ఆయన వాకిట్లోకి రానేలేదు. బయట గల్లీలో ఉన్న వాల్వు దగ్గర కూర్చుని తాపీగా చావి తిప్పాడు. నీళ్లు ఆగిపోయాయి.

"ముందుగాల నీళ్లు బంద్ చెయ్యాలె బాబూ. తెలివి తర్వాత" అన్నాడు నాతో.

ఊడిపోయిన తల స్థానంలో కొత్తది బిగించాడు. అందులోదీ తోలు బిళ్లే. ఆయన సంచిలో రబ్బరు బిళ్ల లేదు. అవ్వ గుమ్మంలో బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆ బిందెను చూసేసరికి నా నోరు జారింది. "ఈసారి రబ్బరుది పెట్టిండు అవ్వా. రబ్బరంటే చెట్టు పాలే" అన్నాను. చాచా తలెత్తి నా వైపు చూశాడు. బయటికి వచ్చాక మెల్లగా అన్నాడు.

"అబద్ధం ఎందుకు బాబూ? రెండు దినాలు ఆగుమను. రబ్బరు తెస్త."

"రెండు దినాలల్ల ఆమె బావిల పడతది. నువ్వు నోరు తెరవకు, చాలు" అన్నాను.

మర్నాడు అవ్వ చింతపండుతో నల్లా తోమి, బొట్టు పెట్టి, రాగి చెంబు నింపుకుని తాగింది. బావికి పోవడం మానేసింది. "నా మనుమడు నా కోసం తోలు తీయించిండు" అని గల్లీ అంతా చెప్పుకుంది. అవ్వ తీర్థం ఇవ్వబోతే ఏదో పని ఉన్నట్టు తప్పించుకునేవాణ్ని.

వారం తర్వాత బడి నుంచి వచ్చేసరికి అవ్వ చెప్పింది: "సాయిబు వచ్చి నట్టు బిగించి పోయిండు. మంచి మనిషి." నాకు ఒళ్లు మండింది. నట్టు వదులయిందని ఎవరు చెప్పారు? నా గుట్టు బయటపెట్టడానికే వచ్చాడనుకున్నాను. గల్లీ మలుపులో ఎదురైతే, నలుగురు వింటుండగా, "పిలువకుంట మా ఇంట్ల అడుగు పెట్టకు" అన్నాను. చాచా పానా ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"అచ్ఛా బాబూ" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. ఎదురైతే నేనే తల వంచుకుని పోయేవాణ్ని. అవ్వ ఇంకో నాలుగేళ్లు బతికింది. చివరి రోజున "నల్లా నీళ్లు పొయ్యి బిడ్డా, నువ్వు పెట్టించినయి" అంది. పోశాను. తన మడి మొత్తాన్నీ నేనే మంటగలిపానని చెప్పి ఒప్పుకుందామనుకున్నాను. ఆ మాట మింగి, ఇంకో చెంచా పోశాను.

ఆమె పోయిన ఏడాదికి నల్లా కారడం మొదలైంది. ఈసారి బుద్ధిగా గల్లీలోకి పోయి వాల్వు కట్టేసి వచ్చి, తల విప్పాను. లోపల తోలు లేదు. సైకిలు ట్యూబు రెండు పొరలు అంటించి, అంచు సాఫుగా కత్తిరించిన నల్లటి రబ్బరు బిళ్ల ఉంది.

ఆ బిళ్లను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాను. నట్టు బిగించడానికి వచ్చిన రోజు ఆయన చేసిన పని ఇది. నా అబద్ధాన్ని వారం తిరగకుండానే నిజం చేసి, ఆ సంగతి నాకు కూడా చెప్పుకోకుండా, నలుగురిలో నాచేత మాట పడి పోయాడు. ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లాను. తాళం ఉంది. పాలమూరులో బిడ్డ దగ్గరికి పోయాడని, అక్కడే నిరుడు కాలం చేశాడని పక్కింటివాళ్లు చెప్పారు.

ఇప్పుడు మా ఇంట్లో నల్లాలన్నీ తళతళలాడే కొత్త రకాలు. అయినా దేనికి చెయ్యి పెట్టినా ముందు వెళ్లి వాల్వు కట్టేసి వస్తాను. ముసలాయన చాదస్తమని ఇంట్లో నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ధోవతి తడిసిన బాపును, తాత గొంగడి కత్తిరించిన ఆ కుర్ర సైన్సు పంతులును తలచుకుని. ఆ పంతులు గల్లీ మలుపులో ఇంకా తల వంచుకునే పోతున్నట్టు కనిపిస్తాడు. ఆగి చాచాను పేరడగరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది.