అవిసె కొమ్మలు నరికిన వేసవి

నా చిన్నప్పుడు నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మా నాన్నగారు బాపట్ల దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పేవారు. ఆయన చదువంతా నాకూ వచ్చేసిందని నా ధీమా.

మా పక్కింటి అత్తయ్యకు కాస్త తమలపాకు తోట ఉండేది. మావయ్య పోయాక ఆమెకున్న ఆధారం అదొక్కటే. వరసగా అవిసె చెట్లు, ఒక్కో చెట్టును పట్టుకుని పైకి పాకే తీగ. ఒక వేసవిలో, రేపల్లెలో కూతురికి ఒంట్లో బాగాలేదని వెళ్తూ, తోటకు నీళ్ళు పెట్టే పని నాకు అప్పగించింది. ఆ నమ్మకానికి నేను పొంగిపోయాను.

మొదటి రోజే నాకు అక్కడ అన్యాయం కనిపించింది. పైన అవిసె కొమ్మలు ఎండనంతా తినేస్తున్నాయి, కింద తీగలు నీడలో మగ్గుతున్నాయి. మొక్కకు ఎండే అన్నమని నాన్నగారు చెప్పలేదూ? నిచ్చెన వేసుకుని, కొడవలితో రెండు వరసల కొమ్మలు నరికేశాను. తీగలకు పెద్ద మేలు చేశాననుకుని ఇంటికొచ్చాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే ఆ రెండు వరసల్లో ఆకులు మాడి ఉన్నాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోశాను. ఇంకా మాడాయి. ఎండ కావాల్సిన మొక్క ఎండకే ఎందుకు చస్తోందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. భయంతో నాన్నగారిని కూడా అడగలేదు.

అత్తయ్య తిరిగొచ్చి ఆ వరసల ముందు చాలాసేపు నిలబడింది. పెళ్ళిళ్ళ రోజులు, కోతకొచ్చిన ఆకు. నేనే నరికానని చెప్పాను. ఆమె తాటాకులు తెప్పించి, నాచేత మోయించి, ఆ వరసల్లో మిగిలిన తీగల మీద కప్పించింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

వానలు పట్టాక ఓ పొద్దున నన్ను పిలిచి, చేతికి కొడవలి ఇచ్చి, మిగతా వరసల్లో అవిసె కొమ్మలు కొట్టమంది. ఎగతాళి చేస్తోందనుకుని నాకు ఏడుపొచ్చింది.

"నిజంగానే చెప్తున్నానే. ఎండల్లో ఆ నీడ లేకపోతే తీగ బతకదు. ముసురులో అదే నీడ ఉంటే ఆకు కుళ్ళిపోద్ది," అంది.

"మరి అవిసె చెట్టు తీగకి మంచిదా, చెడ్డదా అత్తయ్యా?"

ఆమె తీగ మీది ఒక ఆకును తిప్పి చూసింది.

"ఏమోనమ్మా, నాకూ తెలీదు. అందుకే రోజూ వచ్చి చూసుకుంటా."

అన్నేళ్ళు తోట చేసిన మనిషికి తెలియకపోవడమేంటని నేను మరింత అయోమయంలో పడ్డాను. ఏ కొమ్మ ఉంచాలో, ఏది కొట్టాలో పాలుపోక, ప్రతిసారీ ఆమె మొహం చూశాను. ఒక్కసారి కూడా నా చేతిలోంచి కొడవలి వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు తెనాలిలో, పెద్దదాన్నని మా వాళ్ళంతా నన్ను తీర్పులు అడుగుతారు. ఎవరి వల్ల ఎవరికి చేటు, ఎవరిని దూరం పెట్టాలి అని. డెబ్బై దాటినా నాకు చప్పున తోచదు. తెలియదనే చెప్తాను. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి, కాసేపు కూర్చుని, అందరినీ చూసి వస్తాను.