తట్టలో వాగురాళ్లు

నా చిన్నప్పుడు మాకు బడి పొద్దుటిపూటే ఉండేది. అందుకని మధ్యాహ్నం మా మేనత్తకు అన్నం తీసుకుపోయే పని నా మీద పడింది. చంద్రపూర్‌లో లాల్‌పేట్ దాటాక ఒక చిన్న గని ఉండేది. ఇప్పుడు దాని ఆనవాలు కూడా లేదు. గనులు ఇంకా ప్రైవేటు యజమానుల చేతుల్లో ఉన్న రోజులవి. మా నాన్న లోపలికి దిగి బొగ్గు తవ్వేవాడు. ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త, భర్త పోయాక మా ఇంటికి వచ్చేసి అదే గనిలో పైన షెడ్డులో రాళ్లు ఏరే పనికి కుదిరింది.

రాళ్లు ఏరడం అంటే చాలామందికి తెలియదు. గనిలోంచి వచ్చిన బొగ్గు ఒక పొడవాటి బెల్టు మీద కదులుతూ పోయి, చివర వ్యాగన్‌లో పడుతుంది. బెల్టుకు అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి, బొగ్గులో కలిసివచ్చిన రాయిని చేత్తో తీసి పక్కనున్న తట్టలో వేయాలి. వినడానికి ఎంత తేలికో! కానీ ఆ రాయి కూడా బొగ్గులాగే నల్లగా ఉంటుంది. బొగ్గు మెరుస్తుంది, రాయి మెరవదు. మసి పట్టాక రెండూ ఒక్కలాగే ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువును బట్టి తెలుస్తుంది, కానీ అంతసేపు ఎవరు ఆగుతారు? బెల్టు ఆగదు కదా.

బెల్టు చివర, వ్యాగన్‌కు ముందు, ఒక ముసలవ్వ ఉండేది. ఎప్పుడో కరీంనగర్ వైపు నుంచి మొగుడి వెంట వచ్చిన మనిషి. మొగుడు పోయినా ఆమె ఇక్కడే ఉండిపోయింది. మిగతా ఆడవాళ్ల చేతులు ఆడుతూనే ఉంటే, ఈమె ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఊరికే చూస్తున్నట్టు ఉండేది. ఉన్నట్టుండి చెయ్యి చాపి ఒక రాయి తీసేది. మళ్లీ చూస్తూ కూర్చునేది. అంతమంది కళ్లు తప్పించుకుని వచ్చిన రాయి ఆమె దగ్గర దొరికిపోయేది. ఆమె దాటితే ఇక పట్టుకునేవాళ్లు లేరు, నేరుగా వ్యాగనే. ఆ చోటు ఎంత ముఖ్యమో అప్పుడు నాకు తెలియదు. నా కంటికి ఆమె కూర్చుని కాలక్షేపం చేసే ముసలిది, అంతే.

ఆ వానాకాలం కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. పడుచువాడు, ఇస్త్రీ చొక్కా. రాగానే షెడ్డు గోడకు ఒక నల్లబోర్డు కొట్టించాడు. తట్ట నిండగానే ఒక కూలీ దాన్ని వెనక కుప్పలో పోసి, ఆ మనిషి పేరున ఒక గీత గీయాలి. ఎవరివి ఎన్ని తట్టలో మర్నాడు బోర్డు మీద రాస్తారు. వారం తిరిగేసరికి అందరికంటే కింద ఉన్నవాళ్లు ఇక రానక్కర్లేదు. అప్పుడే ఎవరు పనిచేస్తున్నారో, ఎవరు తిని కూర్చుంటున్నారో తేలిపోతుందన్నాడట.

బోర్డు మీద మరాఠీలో రాసేవారు. ఆ ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు పదేళ్లు, మరాఠీ బడిలో చదువుతున్నాను. అన్నం గిన్నె మేనత్త చేతికిచ్చి, బోర్డు ముందు నిలబడి అందరి పేర్లూ అంకెలూ గట్టిగా చదివి వినిపించేదాన్ని. పెద్దవాళ్లందరూ తినడం ఆపి నా నోటివైపు చూస్తుంటే ఎంత గొప్పగా ఉండేదో. ఆఖరున అవ్వ పేరు వచ్చేది. "అవ్వా... మూడూ..." అని సాగదీసి చదివేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. అవ్వ కూడా నవ్వేది. మా మేనత్త ఒక్కతే నవ్వేది కాదు. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, అందరి పేర్లలాగే చదువు, పాట పాడకు అంది. నేను లెక్కచేయలేదు.

శనివారం అవ్వను పొమ్మన్నారు. ఆమె నెత్తిమీద పెట్టుకునే గుడ్డచుట్టను విప్పి దులిపి భుజాన వేసుకుంది. బోర్డు దగ్గర నిలబడ్డ నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు మంచిగ చదువుతవ్ బిడ్డా. చదువు ఆపకు" అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. నిజంగానే అంది. అరవై ఏళ్లు కావస్తోంది, ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా మీద నాకే ఒళ్లు మండుతోంది. ఆమె గోండ్‌పిప్రిలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయింది.

ఆ ఖాళీ చోటులో మా మేనత్తను కూర్చోబెట్టారు. నాలుగు రోజులు తిరగకుండానే ఆమె అంకె పడిపోయింది. పడిపోక ఏమవుతుంది? రాళ్లన్నీ ముందువాళ్లు తీసేస్తే చివరికి వచ్చేవే కొన్ని. అవి కనిపెట్టడం అన్నిటికంటే కష్టం. అప్పటికి మిగతా ఆడవాళ్లకు కూడా భయం పట్టుకుంది. చేతికి అందిన పెద్ద పెద్ద రాళ్లు తీసి తట్ట తొందరగా నింపుకునేవాళ్లు. చిన్న రాళ్లు ఏరితే తట్ట ఎప్పటికి నిండాలి? వాటిని వదిలేసేవాళ్లు. మేనత్త ఆ చిన్నవాటి వెంట పడేది. సాయంత్రానికి ఆమె వేళ్ల కొసలు చిట్లి ఉండేవి, తట్టలు మాత్రం రెండో మూడో.

ఒక రోజు మధ్యాహ్నం బోర్డు మీద ఆఖరున మా మేనత్త పేరుంది. చదవలేక ఇంటికి పరుగెత్తాను.

ఆమెను కూడా పొమ్మంటారని నాకు తెలిసిపోయింది. మర్నాడు బడి వదలగానే దారిలో ఉన్న వాగులోకి దిగి, పట్టినన్ని రాళ్లు గంపలో వేసి, పైన అన్నం గిన్నె పెట్టి గుడ్డ కప్పాను. నెత్తి మీద మోస్తుంటే మెడ విరిగిపోతున్నట్టు ఉంది. మేనత్త చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోగానే ఆ రాళ్లు ఆమె తట్టలో పోసి, పైన బొగ్గుపొడి చల్లాను. అలా ఆమె చోటు నుంచి లేచినప్పుడల్లా పోస్తూ, ఒక్కో మధ్యాహ్నం షెడ్డుకూ వాగుకూ మూడేసి సార్లు తిరిగాను. రెండు రోజుల్లో మేనత్త పేరు బోర్డులో సగం పైకి ఎక్కింది. నా గొంతు మళ్లీ లేచింది. ఆమె పేరు చదివేటప్పుడు షెడ్డంతా మారుమోగేలా చదివాను. మేనత్త మాత్రం అన్నం కలుపుతూ ఆగిపోయి, తన చేతులవైపు చూసుకుంది.

మూడో రోజు నేను రాళ్లు పోస్తుంటే వెనక నిలబడి ఉంది.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కూలీ వచ్చి ఎత్తుకుపోకుండా ఆ తట్టను కాలితో పక్కకు నెట్టి, దాని మీద గోనెసంచి కప్పింది. నా జబ్బ పట్టుకుని అవ్వ కూర్చునే డబ్బా మీద కూర్చోబెట్టింది. ఏరు, అంది. నేను ఏరాను. బెల్టు మీద నల్లటి వరద పారుతున్నట్టు ఉంది. రాయి అనుకుని తీస్తే బొగ్గు. బొగ్గు అనుకుని వదిలేస్తే మేనత్త నా వెనక నుంచి ఒక్కో రాయినీ చూపించి, అది పోయింది, అదిగో ఇంకోటి పోయింది అని చెబుతూనే ఉంది. ఒక్క రాయి కూడా ఆమె తీయలేదు. నా ముందే అవి వ్యాగన్‌లో పడిపోయాయి. చాలాసేపటి తర్వాత ఆపమంది. నా వేళ్లు మండుతున్నాయి, కళ్లలో దుమ్ము. ఒళ్లో ఉన్నవి గట్టిగా గుప్పెడు రాళ్లు.

"తట్టెడు తెచ్చినవ్ వాగుల నుంచి. గిప్పుడు గుప్పెడు తీసినవ్. రెంటిల ఏది పని?" అంది.

నేను గుప్పెడు వైపు చూపించాను.

"మరి బోర్డు మీద ఏది ఎక్కుతది?"

నేను ఏడ్చాను. ఆమెను కాపాడుకోవాలనే తెచ్చానని చెప్పాను. ఆమె కోపం అప్పటికీ దిగలేదు, కానీ అది నా మీద కాదని అర్థమైంది. నన్ను దగ్గరికి లాక్కుని, "అవ్వ కూసుండి తిన్నదనుకున్నవ్ గదా. గీ షెడ్డుల గామె ఒక్కతె పని చేసింది. గామెనే ఎల్లగొట్టిండ్రు" అంది. మా మేనత్త ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు కూడా ఏడవలేదు. అంత కోపం మాత్రం మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

రెండు రోజుల తర్వాత యజమాని తరఫున ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. బొగ్గు కొన్నవాళ్లు రాయి ఎక్కువగా ఉందని వ్యాగన్లు వెనక్కి పంపారట. సూపర్‌వైజర్ ఆయన్ని నేరుగా బోర్డు దగ్గరికి తీసుకొచ్చాడు. తను వచ్చాక తట్టల లెక్క ఎంత పెరిగిందో చూపిస్తున్నాడు. ఇన్ని రాళ్లు తీస్తుంటే వ్యాగన్‌లోకి రాయి ఎలా వస్తుందని ఆఫీసరు అడుగుతున్నాడు. ఇద్దరికీ నిజంగానే అర్థం కావడం లేదు. అప్పుడు మా మేనత్త తన చోటు నుంచి లేచి, గోనెసంచి కింద దాచిన తట్టను ఎత్తుకొచ్చి ఆఫీసరు బూట్ల ముందు కుమ్మరించింది. మీద చల్లిన బొగ్గుపొడి రాలిపోయింది. లోపల తెల్లవీ ఎర్రవీ నున్నటి వాగురాళ్లు. ఒకదానికి పాచి కూడా ఉంది.

ఆమె తనకు వచ్చిన హిందీలోనే చెప్పింది. ఈ తట్ట కూడా నా పేరున ఎక్కేదే, మా పిల్ల వాగులోంచి మోసుకొచ్చింది, అంతకుముందు రెండు రోజులు తెచ్చినవి మీ బోర్డు మీద నా పేరు పక్కన ఉన్నాయి, పొండి చూసుకోండి అంది. రాయి వెతికి తీసిన ముసలిదాన్ని పంపించేశారు, వాగు దగ్గరికి పోయి వచ్చినవాళ్లను పైకెక్కించారు, ఇంక మీ వ్యాగన్‌లో రాయి కాక ఏముంటుందని అడిగింది. మిగతా ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంది.

తర్వాత అంతా మంచే జరిగిందని చెప్పాలని ఉంది, కానీ జరగలేదు. బోర్డు తీసేశారు, అది నిజం. అవ్వను రమ్మని కబురు పంపారు. మేనత్తే బస్సెక్కి గోండ్‌పిప్రి పోయి ఆమెను వెంటబెట్టుకొచ్చింది. అవ్వ మళ్లీ ఆ డబ్బా మీద కూర్చుంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని తప్పైందని చెబితే, దేనికి బిడ్డా అంది. ఆమెకు నా మీద కోపం ఎప్పుడూ లేదు. అది నాకు ఇంకా బరువైంది. సూపర్‌వైజర్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మోసం చేసినందుకంటూ మా మేనత్తను బెల్టు నుంచి తీసేసి, వ్యాగన్ల కింద పడ్డ బొగ్గు ఊడ్చే పనికి వేశారు. ఎండైనా వానైనా బయటే. గనులు ప్రభుత్వం చేతికి వచ్చేదాకా ఆమె అదే పని చేసింది. మోసం ఎవరిది? మోసం చేయకపోతే బతకనివ్వని పద్ధతి పెట్టినవాడిది కాదా? ఈ ప్రశ్న అడగడానికి అప్పుడు నాకు నోరు లేదు. నోరు వచ్చేసరికి అడగవలసిన వాళ్లు లేరు.

అవ్వ చెప్పినట్టే చదువు ఆపలేదు. నర్సునయ్యాను. భద్రావతి చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు తిరిగాను. ఎన్ని ఇళ్లు తిరిగావని పైవాళ్లు అడిగేవాళ్లు. ఏ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నావని ఒక్కరూ అడగలేదు. కాన్పై పదిరోజులైన పిల్ల చాప మీద పడుకుని గోడవైపు తిరిగి మాట్లాడకపోతే, ఆ ఒక్క ఇంట్లోనే పూటంతా కూర్చున్న రోజులున్నాయి. ఆ రోజు నా కాగితంలో ఒక్కటే ఇల్లు. మాటలు పడ్డాను, కానీ తిరగని ఇల్లు తిరిగానని ఎన్నడూ రాయలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఇదే చంద్రపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. గంటకు ఎంతమందిని చూసిందో ఫోన్‌లో పడుతుందట. తక్కువైతే ఎర్రగా, ఎక్కువైతే పచ్చగా. మొన్న ఆదివారం సెలవు. పొద్దున నా కాలిగోళ్లు తీసింది, నాకు వంగడం చేతకాదు. బడిలో ఎవరితోనో గొడవపడి అన్నం మానేసిన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చెప్పేదంతా విని, తినిపించింది. సాయంత్రం వరండాలో కుర్చీలో కూలబడి, "ఇయ్యాల ఏం పని కాలేదమ్మా. దినమంతా వేస్ట్ అయింది" అంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నా గొంతు విని లోపలి నుంచి మనవడు కూడా బయటికి వచ్చాడు. మా అమ్మాయి తన మీద అరుస్తున్నాననుకుని బిత్తరపోయింది. నేను అరిచింది దాని మీద కాదు. ఎర్ర రంగూ పచ్చ రంగూ చూపించి, కన్నకొడుకు దగ్గర కూర్చున్న పూటను కూడా నా బిడ్డ చేత వేస్టు అనిపించినవాళ్ల మీద. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లు నా ఎదురుగా లేరు. అందుకని మా మేనత్త కథ చెప్పాను. ఇన్నేళ్లూ సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. విని మా అమ్మాయి, నిన్న వార్డులో ఒక పెద్దాయన ఏదో చెప్పబోతుంటే వినకుండా వచ్చేశానమ్మా, రేపు పోగానే అడుగుతాను అంది.

ఆ షెడ్డు నుంచి నాతోపాటు వచ్చింది ఒక్కటే అలవాటు. ఎవరైనా నేనింత చేశాను, ఇన్ని చేశాను అని అంకెలు చెబితే, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగిందని అడుగుతాను. మా కాలనీ మీటింగులో అడిగాను, బ్యాంకులో అడిగాను, మా అల్లుణ్ని కూడా అడిగాను. అడిగినప్పుడల్లా వాళ్లకు కోపం వస్తుంది. రానీయండి. నాది వాళ్లకంటే పాత కోపం.