నల్ల గ్లవ్స్

వీధి మలుపులో బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ రెండేళ్లుగా చేతులకు నల్ల గ్లవ్స్ లేకుండా ఎవరికీ కనబడలేదు. టీ కప్పు కూడా వాటితోనే పట్టుకుంటుంది. రోజూ షట్టర్ ఎత్తకముందే వెనక గదిలో అద్దం ముందు కూర్చుని, పెదవి అంచున పాకుతున్న తెల్లమచ్చ మీద మూడు రంగులు కలిపిన క్రీము వేలికొసతో అద్దుకుంటుంది. వేళ్ల మచ్చల మీద మాత్రం క్రీము నిలవదు, నీళ్లు తగలగానే పోతుంది. అందుకే ఈ గ్లవ్స్. "ముఖాలు దిద్దేదాని ముఖమే ఇలా ఉంటే లోపలికి ఎవరు అడుగుపెడతారక్కా?" అని ఫోన్లో అక్క దగ్గర వాపోతుంటుంది.

మొన్న ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు గంటలో ఉద్యోగం ఇంటర్వ్యూ. గడ్డం మీద అచ్చం అలాంటి మచ్చే. ఆవిడ ఎన్నడూ లేనంత శ్రద్ధగా దాన్ని ఒంటి రంగులో కలిపేసింది. తల్లి చూపు మాత్రం గ్లవ్స్ మీదే ఉంది.

"ఇది అంటుకునేది కాదమ్మా. డాక్టరే చెప్పారు," అంది తల్లి మెల్లిగా.

సోఫాలో వంతు కోసం కూర్చున్న ముగ్గురూ తలెత్తి చూశారు. ఆవిడ గ్లవ్ అంచు పట్టుకుని సగం దాకా లాగబోయి, మళ్లీ మణికట్టు మీదికి సర్దుకుంది.

"అందరికీ ఇలాగే చేస్తానండీ."

"మనకిదేం కొత్తా అమ్మా, పద," అంటూ ఆ పిల్ల లేచింది. వెళ్లేముందు, తను తల ఆనించిన చోట కుర్చీని తన రుమాలుతో శుభ్రంగా తుడిచింది.

ఆవిడ వద్దనలేదు.