నేను బాకీపడ్డ వారం పేర్లు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను, మరోలా మొదలుపెట్టడం నాకు చేతకాదు. మూడు వందల పన్నెండు రచనలు. వాటి కింద చదివినవాళ్ళు రాసిన రెండు వేల తొమ్మిది వందల అరవై వ్యాఖ్యలు. ఆఫ్రికాలోని ఆరు దేశాల నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటూనో ఉద్యోగాలు చేసుకుంటూనో రాయడం మొదలుపెట్టిన పద్నాలుగు మంది పిల్లల గొంతులు. నాలుగు వందల పద్దెనిమిది మందికి ఇచ్చిన పేర్లు, ఒక్కో పేరు వెనక ఒక్కో కథ. ఒక అమ్మాయి మూడేళ్ళ రెండు నెలల శ్రమ, ఆమె పెట్టాలనుకున్న చిన్న వ్యాపారం. ఇవన్నీ ఒక మంగళవారం మధ్యాహ్నం, ఇర్వింగ్‌లో మా వంటింటి బల్ల దగ్గర, నా సలహా మీద, నాలుగు నిమిషాల్లో పోయాయి.

ఈ ఉదయం కాఫీ తాగుతూ మెయిల్ తెరిస్తే నోవై అనే ఊరి నుంచి ఎవరో అమ్మాయి రాసిన ఉత్తరం కనిపించింది. ఎప్పుడో లైబ్రరీలో మేం పంచిన కార్డు ఒకటి వాళ్ళ పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో దొరికిందట, దాని మీద నా మెయిల్ ఉందట. తాను 2006 ఏప్రిల్ 16న పుట్టానని, తన పేరు ఏమిటో చెప్పగలరా అని అడిగింది. చదువుతుండగానే నా బుర్ర అలవాటుగా ఆదివారం అనేసింది. తరవాత, ఆ రచనలూ పేర్లూ అన్నీ ఉండిన బ్లాగ్ అడ్రస్ కూడా అలవాటుగానే టైప్ చేశాను. అలాంటి పేజీ ఏదీ లేదని కంప్యూటర్ ఎప్పటిలాగే చెప్పింది. కాఫీ చల్లారిపోయింది.

ఏ తేదీ చెప్పినా వారం చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో నోటు పుస్తకాలకు అట్టలు వేయడానికి పాత క్యాలెండర్ కాగితాలే వాడేవాళ్ళం. క్లాసులో పాఠం వినకుండా ఆ అట్టల మీది అంకెలు చూస్తూ కూర్చునేదాన్ని. ఒక ఏడాది క్యాలెండర్ మళ్ళీ ఆరేళ్ళకో పదకొండేళ్ళకో అచ్చంగా అలాగే తిరిగి వస్తుందని కనిపెట్టిన రోజున నాకు కలిగిన సంతోషం, తరవాత ఇంటర్ తప్పిన రోజున కలిగిన దుఃఖం కన్నా పెద్దది. చదువు అక్కడితో ఆగింది గానీ లెక్క ఆగలేదు. పెళ్ళయి ఈ దేశానికి డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేయడానికి వీల్లేక ఇంట్లో కూర్చున్న తొమ్మిదేళ్ళలో, ఇక్కడి ట్యాక్స్ ఫారాలన్నీ ఒకటొకటిగా చదివి నేర్చుకున్నాను. ఆ తొమ్మిదేళ్ళలోనే ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, భయం. వీసా స్టేటస్ పోతుందేమో, ఏ కాగితం మీద ఏ తప్పు దొర్లుతుందో, ఎవరు ఎక్కడ చూస్తున్నారో అన్న భయం. మన తరం వాళ్ళకు దాని గురించి వివరించనక్కర్లేదు.

పని చేసుకునే కాగితం చేతికి వచ్చాక ఒక మిఠాయి కొట్టు వెనక గదిలో ట్యాక్స్‌లు చేయడం మొదలుపెట్టాను. శనివారాలు లైబ్రరీలో, చిన్న వ్యాపారం పెట్టాలనుకునే కుర్రవాళ్ళకు లెక్కలు ఎలా రాసుకోవాలో ఉచితంగా చెప్పేదాన్ని. అక్కడికే వచ్చింది ఆ అమ్మాయి. ఘనా నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది. ఫారం నింపి నా ముందుకు తోసింది. పుట్టిన తేదీ చూసి, పలకరింపుగా ఉంటుందని, బుధవారం పుట్టావన్నమాట అన్నాను. ఆ పిల్ల కలం కింద పెట్టేసి నా వంక చూసింది.

"ఆంటీ, నన్ను ఇంట్లో పిలిచే పేరు మీకెలా తెలుసు?"

అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళ మనుషుల్లో ఏ వారం పుట్టిన బిడ్డకు ఆ వారం పేరు ఉంటుంది. బడిలో, పాస్‌పోర్ట్‌లో ఏ పేరున్నా ఇంట్లో అమ్మ పిలిచేది, నాయనమ్మ పిలిచేది వారం పేరుతోనే. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారం పుట్టిన ఆడపిల్ల అమా. ఎనిమిదో రోజున బిడ్డను బయటికి తెచ్చి నాలుక మీద నీళ్ళచుక్క వేసి పేరు పెడతారట. మేము పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల చేస్తామంటే, అన్ని రోజులు బిడ్డను ఏమని పిలుస్తారు పాపం అని జాలిపడింది. నేను గురువారం పుట్టానని తేల్చి, ఆ రోజు నుంచే గురువారం ఆడపిల్ల పేరుతో యా ఆంటీ అని పిలవడం మొదలుపెట్టింది. మా ఆయనకు అదొక వేళాకోళమైపోయింది. "నిన్ను పిలుస్తోందా, నువ్వన్నదానికల్లా యా యా అని తలూపుతోందా? ముందు అది కనుక్కో" అనేవారు. ఆ పిల్ల మిఠాయి కొట్టులో విని నేర్చుకున్న రెండే రెండు తెలుగు మాటలు సరే, అయ్యో. వాటితోనే ఆయనకు జవాబు చెప్పేది. ఈ రాతలో ఆమెను బుధవారం అమ్మాయి అనే అంటాను.

ఆమెకు అప్పటికే ఒక బ్లాగ్ ఉంది. నైజీరియా కుర్రవాడు ఒకడు, ఆఫీస్‌లో తన పేరును రెండక్షరాలకు కత్తిరించినప్పుడు తనకేమనిపించిందో అందులో రాశాడు. కెన్యా అమ్మాయి వాళ్ళమ్మ కూరగాయల బండి లాభాల గురించి ఎంత బాగా రాసిందంటే, నేను రెండుసార్లు లెక్క సరిచూశాను, రెండుసార్లూ సరిపోయింది. అయితే అందరూ వెతుక్కుంటూ వచ్చింది మాత్రం వారం పేర్ల కోసం. ఇక్కడే పుట్టి, ఇంట్లో పిలిచే వారం పేరు పెట్టేవాళ్ళు లేక పెరిగిన పిల్లలు తమ పుట్టిన తేదీలు పంపేవాళ్ళు. తేదీ నాకు వచ్చేది, నేను వారం చెప్పేదాన్ని, నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. కంప్యూటర్‌ని అడిగితే క్షణంలో చెబుతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా పెద్దవాళ్ళు ఒకరు నోటితో చెప్పాలి ఆంటీ అనేది.

వారం తెలిస్తే పేరు తెలిసినట్టే కదా, ఏడు వారాలకు పద్నాలుగు పేర్లు, పట్టిక వేసి పెట్టేస్తే సరిపోదా అని ఒకసారి అడిగాను. నవ్వింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నువ్వు పుట్టినప్పుడు గదిలో ఎవరున్నారు, ఆ రోజు వాన పడిందా, మీ తాతగారు ఏ పని చేసేవారు అని అడిగి, అదంతా కలిపి ఒక పేజీ రాసి, చివర పేరు పెట్టేది. పట్టికలో పేరు ఉండదని, ఇస్తేనే పేరని ఆమె నమ్మకం. చదువయ్యాక, కాగితాలు సరైనాక, ఇక్కడ పుట్టే పిల్లల ఎనిమిదో రోజు వేడుకకు కావలసినవన్నీ, కథ అచ్చువేసిన చిన్న పుస్తకంతో సహా, ఒక పెట్టెలో పెట్టి ఇంటికి పంపే వ్యాపారం పెట్టాలనుకుంది. దాని లెక్కలన్నీ నేనే వేసిచ్చాను. రెండో ఏడాది చివర కొద్దిగా మిగిలేలా ఉంది.

ఇంతలో వాళ్ళ నాన్నగారికి గుండె ఆపరేషన్ అన్నారు. వెళ్ళక తప్పదు. వెళితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ చేయించుకోక తప్పదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికిపోతున్నాయి. కాన్సులేట్‌లో మనం ఇంటర్నెట్‌లో రాసినవన్నీ చూస్తున్నారట, ఎప్పుడో రాసిన మాట పట్టుకుని వీసా ఆపేస్తున్నారట అని పక్క ఊరు కాపెల్ నుంచి ఒకరు, వాళ్ళ బంధువులెవరో చెప్పారని ఇంకొకరు. బుధవారం అమ్మాయి ఎయిర్‌పోర్ట్‌లో ఒక ఆఫీసర్ తన పేరు పలకలేక నవ్విన సంగతి కొంచెం ఘాటుగానే రాసి ఉంది. అది నాకు గుర్తుంది. విమానం శుక్రవారం అనగా మంగళవారం నాడు ఆమెను మా ఇంటికి పిలిచాను.

ఆ ఒక్క రచన తీసేస్తానంది. ఒక్కటే తీస్తే ఎందుకు తీశావని అనుమానం వస్తుంది, మొత్తం తీసెయ్ అన్నాను. కాపీ చేసుకుంటానంది. లాప్‌టాప్‌లో కాపీ ఉంటే ఎయిర్‌పోర్ట్‌లో తెరిపిస్తారేమో, వద్దన్నాను. తీసేసిన బ్లాగ్‌ని తొంభై రోజుల వరకు వెనక్కి తెచ్చుకోవచ్చని ఆ సైట్‌లోనే రాసి ఉంది. నా లెక్క ప్రకారం మూడు వారాల్లో పని అయిపోతుంది. తొంభైలో ఇరవై ఒకటి పోతే అరవై తొమ్మిది. ఇంత వెసులుబాటుతో ఎవరైనా భయపడతారా అన్నాను.

"ఆ పిల్లలు వచ్చి క్లిక్ చేస్తే ఏం కనిపిస్తుంది ఆంటీ?"

"మూడు వారాలేనమ్మా" అన్నాను.

సరే అంది, తెలుగులోనే. నేను పక్కన కూర్చుని ఉండగా బటన్ నొక్కింది.

వాళ్ళ నాన్నగారు కోలుకున్నారు. వీసా మాత్రం ఇంకా పరిశీలనలో ఉందన్నారు. మూడు వారాలు ఆరయ్యాయి, పది అయ్యాయి. ఈలోగా ఒక తల్లి నాకు మెయిల్ రాసింది, మా అమ్మాయి పేజీ కనిపించడం లేదు, మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని. రెండు రోజుల తరవాత, మీ పొరపాటేమీ లేదని మాత్రం రాశాను. ఎనభై నాలుగో రోజున బుధవారం అమ్మాయి ఫోన్ చేసింది.

"రీస్టోర్ చేసేయనా ఆంటీ? ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. మీరు లెక్కపెడుతున్నారా?"

లెక్కపెడుతూనే ఉన్నాను, రోజూ. అయినా, కేసు పెండింగ్‌లో ఉండగా ఇప్పుడు హఠాత్తుగా పైకి తెస్తే చూడనివాళ్ళు కూడా చూస్తారు, తేలేదాకా ఆగమ్మా, ఆ సైట్ వాళ్ళకు రాద్దాం, గడువు పెంచకపోతారా అన్నాను. నేను చెబితే ఆమె ఎప్పుడూ వినేది. మెంటర్ అనే మాటకు నాకు అంతకుముందు ఉన్న అర్థం వేరు.

సైట్ వాళ్ళకు నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు వచ్చింది, గడువు దాటినవి ఎవరి దగ్గరా ఉండవని. నూట ముప్పై ఏడో రోజున వీసా ఇవ్వలేమన్నారు. చదువు ముగిశాక మళ్ళీ సొంత దేశానికి వెళతారన్న నమ్మకం కలగలేదని, అందరికీ ఇచ్చే కాగితమే ఇచ్చారట. బ్లాగ్ గురించి ఏమైనా అడిగారా అని నేను ఒకటికి రెండుసార్లు అడిగాను. మొదటి రోజున అన్నదమ్ములెందరు అని అడిగారట, అంతే. ఆ బ్లాగ్‌ని అక్కడ ఎవరైనా చూశారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. చూసి ఉంటే బాగుండుననిపిస్తుంది ఒక్కోసారి. కనీసం నా భయానికి ఒక కారణం మిగిలేది.

ఆ రోజు భోజనాల దగ్గర ఏడుస్తూ, పాపం భయపడిపోయింది పిల్ల, అందుకే అంతా తీసేసింది అని ఏదో అన్నాను. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి కంచం లోంచి తలెత్తింది.

"షి వాజ్ నాట్ స్కేర్డ్, అమ్మా. నువ్వు స్కేర్ చేశావ్."

మా ఆయన ఊరుకోవే అన్నారు గానీ, అది తప్పని అనలేదు.

బుధవారం అమ్మాయి ఇప్పుడు ఘనాలోని అక్రాలో ఒక ఆఫీస్‌లో కస్టమర్ల ఫిర్యాదులు వింటుంది. రాయదు. పెట్టె వ్యాపారం మాట నేను ఎత్తను, ఆమె ఎత్తదు. పండగలకు మెసేజ్ పెడితే సరే ఆంటీ అని పంపుతుంది, ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఆ మంగళవారమే కళ్ళ ముందుకు వస్తుంది. నా నోట్‌బుక్‌లో నాలుగు వందల నలభై ఒక్క తేదీలు ఉన్నాయి, ప్రతి తేదీ పక్కన నేను చెప్పిన వారం ఉంది. కథలు, వానలు, తాతగార్ల పనులు ఏవీ లేవు, అవి ఆమె రాసినవి. నాలుగు వందల పద్దెనిమిది మందికి ఆమె పేర్లు ఇచ్చింది. తక్కిన ఇరవై ముగ్గురికి ఇవ్వబోయే ముందే ఆ ప్రయాణం వచ్చింది. వాళ్ళకైనా ఇవ్వమ్మా, నేను ఉత్తరాలుగా పంపుతాను అని కిందటేడు ఫోన్‌లో బతిమాలాను.

"ఇచ్చిన పేర్లే వెనక్కి తీసేసుకున్నదాన్ని ఆంటీ. ఇంకెవరికి ఏ ముఖంతో ఇవ్వను?"

అయ్యో అనాల్సింది నేను.

ఇప్పటికీ శనివారాలు లైబ్రరీకి వెళుతున్నాను. కుర్రవాళ్ళు వస్తూనే ఉన్నారు, మన ఊళ్ళ వాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు, తెలివైనవాళ్ళే, బహుశా అప్పటివాళ్ళకన్నా తెలివైనవాళ్ళు. అప్పట్లో కుర్చీ లాక్కుని కూర్చుంటూనే, నేనిది రాశాను చూడండి ఆంటీ అనేవాళ్ళు. ఇప్పుడు కూర్చోకముందే, ఏమేం రాయకూడదు అని అడుగుతున్నారు. నా దగ్గర నేర్చుకోకుండానే నా భయం వీళ్ళకు ఎలా వచ్చిందో తెలియదు. నేను కూడా మారాను, సలహా చెప్పడం మానేసి లెక్కలు మాత్రం చెబుతున్నాను. ఫారం మీద పుట్టిన తేదీ కనిపిస్తే మనసులో వారం పలుకుతుంది, పైకి మాత్రం అనను. మళ్ళీ ఎవరైనా కలం కింద పెట్టి, నా పేరు మీకెలా తెలుసు అని అడుగుతారేమోనని.

నోవై అమ్మాయికి ఇంకా జవాబు రాయలేదు. ఆదివారం పుట్టిన ఆడపిల్లను ఏమని పిలుస్తారో నాకు తెలుసు, మూడక్షరాల పని. కానీ అది ఇవ్వడానికి నేనెవర్ని? ఆ పిల్ల పుట్టిన రోజున వాన పడిందో లేదో నేను అడగలేదు. నోట్‌బుక్ తీసి చివరి గీత కింద ఆమె తేదీ రాసి, పక్కన ఆదివారం అని రాసి, పేరు కోసం ఉంచిన పక్క గడిని అందరి గడుల్లాగే ఖాళీగా వదిలాను. నిన్నటిదాకా నేను పేరు బాకీపడ్డ పిల్లలు ఇరవై ముగ్గురు. ఈ ఉదయంతో ఇరవై నలుగురు.