స్ప్రింగులు కోసిన కారు

మా ఆయనకు కారు పిచ్చి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కారు పిచ్చి ఉన్నవాడు దాన్ని నడిచేట్టు ఉంచుకుంటాడు. మా ఆయనకున్నది నలుగురూ తిరిగి చూడాలన్న పిచ్చి. దానికి కారు దొరికింది గానీ, ఏనుగు దొరికినా అదే చేసేవాడు.

మా ఇల్లు ఉదయగిరిలో, ఆయన ఆఫీసు ఆత్మకూరులో. రోజూ బస్సులో పోయి వచ్చే మనిషి. తొంభైల నడుమ ఒక వేసవిలో నెల్లూరు నుంచి పొడుగు ముక్కు కారొకటి తోలుకొచ్చి గడప ముందు నిలిపాడు. ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి, విసుగెత్తి వదిలించుకున్న బండి. పెట్రోలు ఇంజను పీకి డీజిలు ఇంజను కూర్చోబెట్టారు దాంట్లో. మా వీధికంతా అది స్పోర్ట్స్ కారని చెప్పుకున్నాడు. పొద్దున్నే స్టార్టు చేస్తే ఆ స్పోర్ట్స్ కారు బావి మోటారు మాదిరి దడదడలాడి, ఎదురింటివాళ్లు ఆరేసుకున్న గుడ్డల మీదికి నల్లటి పొగ వదిలేది. చలికాలంలో ఆ భాగ్యమూ లేదు. ఇంజను వేడెక్కడానికి హీటరు వేసి, ఆగి, మళ్లీ వేసి, ఇంక లాభం లేదనుకున్నాక నన్ను పిలిచేవాడు తోయమని. కొంగు బిగించి కారు తోసిన ఆడది ఉదయగిరిలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

బండి రాగానే పాస్టరుగారితో ప్రార్థన చేయించాడు. ఆయన బానెట్టు మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టి, అది కాలుతుంటే ఆమెన్ అనకముందే తీసేసుకున్నాడు. పాస్టరుగారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, మా ఆయన చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టి తొక్కించాడు. ఏ దేవుడికీ లోటు రానివ్వలేదు.

ఇక ముస్తాబు మొదలైంది. ఆత్మకూరు బస్టాండు వెనక షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. ఆ మహానుభావుడికి వద్దు అనే మాట రాదు. మా ఆయన ఏదడిగినా, చేసేద్దాం సార్ అనేవాడు. వెడల్పు టైర్లు వేశారు. లారీలకు బాడీ కట్టేవాళ్ల దగ్గర రేకు వంచి డిక్కీ మీద రెక్క పెట్టించారు. గాలి బండిని రోడ్డుకు అదిమి పట్టడానికట అది. మా అత్త దాని మీద వడియాల గుడ్డ ఆరేసేది. గేరు కర్రకు చెక్కబొమ్మ కావాలని, ఊళ్లో చెక్క స్పూన్లు చేసేవాళ్లకు గుర్రం తల చెక్కమని పురమాయించాడు. పుట్టిన దగ్గర్నుంచీ గరిటెలు చేసిన చెయ్యి గుర్రాన్ని ఎక్కడ తెస్తుంది? గేరు మారిస్తే మజ్జిగ కలుపుతున్నట్టే ఉండేది.

ఇంత చేసినవాడు ఇంజనాయిలు మార్చమంటే మాత్రం వచ్చే నెల అనేవాడు. డీజిలు ట్యాంకు కారితే బట్టల సబ్బు నలిపి పూసేవాడు. ఆ సబ్బు కూడా నాదే. అన్నిటికీ పైన, బండి ఎత్తుగా ఉంటే స్పోర్ట్స్ కారు అనిపించదని, ముందు స్ప్రింగులు కోయించి, వెనక బరువు మోసే కమాన్లలో ఇనప పట్టీలు తీయించాడు. బండి వచ్చి నేలను కరుచుకుంది. ఈ గతుకుల రోడ్ల మీద పొట్ట రాసుకుంటుంది గదా అని అడిగితే నవ్వి, నీకు బండ్ల సంగతి తెలీదులే అన్నాడు. నిజమే. నాకు తెలిసింది రోడ్డు సంగతి.

అప్పుడే నాకు ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. పెళ్లికి ముందే టీచరు ట్రైనింగు చేసి, ఆ సర్టిఫికెట్లను చీరల కింద దాచుకుని ఏండ్లుగా కూర్చున్నదాన్ని. పరీక్ష రాసి గట్టెక్కాను. ఇంక నెల్లూరులో పొద్దున ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. పిలిచినప్పుడు మనిషి లేకపోతే తర్వాతి వాళ్లను పిలుస్తారు, అంతే. ఆ ఉద్యోగం వస్తే నా చేతిలో నా జీతం ఉంటుందని, ఒక సబ్బు కొన్నా అది నాదని చెప్పుకోగలనని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. మొదటి బస్సుకు పోతానన్నాను. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇంటి ముందు కారు పెట్టుకుని పెళ్లాన్ని బస్సెక్కిస్తే ఊరు నవ్వుతుందన్నాడు. ఊరు అప్పటికే నవ్వుతోందని నేను చెప్పలేదు.

చీకటితోనే తోశాం. బస్సు కంటే ముందే బయల్దేరాం, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆత్మకూరు ఇంకా చాలా దూరం ఉండగా రోడ్డుకు అడ్డంగా ఉలవ పరిచి ఉంది. మా వైపు ఉలవలు కోతకొస్తే చెట్లు పీకి, ఎండబెట్టి, తారు రోడ్డు మీద పరుస్తారు. అంచుల్లో రాళ్లు పేర్చి, పక్కకు తప్పుకోకుండా కట్టడి చేస్తారు. వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. కూలి లేని నూర్పిడి. రెండు రాళ్లు జరిపి, మెల్లగా పక్కన మట్టిలోకి దించుకుని పొమ్మన్నాను. దించితే పెయింటు గీసుకుంటుందని, ఉలవ మీదికే పోనిచ్చాడు. కింద బరబరమని రాసుకుంటూ ఎట్లాగో దాటాం.

దాటినవాడు దాటినట్టు పోవచ్చు గదా. ఉలవ పరిచిన ఆమె గాజుల చేతిని అడ్డం పెట్టి ఆపి, టైర్లను చూసి మెచ్చుకుంది.

"సారూ, నీ చక్రాలు బలే ఎడల్పుగా ఉండాయి. ఇంకొక తూరి తొక్కించి పో."

ఆ టైర్లను అంతవరకూ మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటర్వ్యూకు టైమవుతోందని నేను మొత్తుకుంటూ ఉండగానే రివర్సు వేసి, వెనక్కి తొక్కించి, మళ్లీ ముందుకు తొక్కించాడు. ఆ నడుమలో బండి కింద సరసర అన్నది. తర్వాత ఆగిపోయింది. తర్వాత కాళ్ల కింద నుంచి పొగ వచ్చింది.

నేల కరుచుకున్న బండి కదా, ఎండిన ఉలవ కట్టెనంతా దువ్వెనలో వెంట్రుకల్లాగా పొట్టకు పట్టుకుంది. తిరిగే షాఫ్టుకు తాళ్లు తాళ్లుగా చుట్టుకుపోయింది. మిగిలింది కాలే సైలెన్సరు గొట్టానికి తగిలి అంటుకుంది. నేను దూకేశాను. ఆమే, ఆమెతో ఉన్న ఆడవాళ్లూ తాగే నీళ్ల బిందె కుమ్మరించి, మట్టి ఎత్తి పోసి ఆర్పారు. మా సబ్బు ట్యాంకు దాకా మంట పోలేదు, బతికిపోయాం. ఉలవ మీద మాత్రం నల్లగా ఆయిలూ డీజిలూ కారింది. ఆమె గుప్పెడు గింజలు తీసి వాసన చూసి, ఇంక వీటిని ఎద్దులు గూడా ముట్టవని మా ఆయన మొహం మీదే చెప్పి ఉమ్మేసింది. నా మనసు కొంచెం చల్లబడింది.

అప్పుడొచ్చింది బస్సు. నేను ఎక్కుతానన్న మొదటి బస్సే. చెయ్యెత్తాను, ఆగింది. నా సర్టిఫికెట్లు డిక్కీలో ఉన్నాయి, డిక్కీ తాళం ఆయన జేబులో ఉంది, ఆయన బండి కింద పడుకుని ఉలవ పీకుతున్నాడు.

"తాళం ఇయ్యయ్యా, బస్సొచ్చినాది," అన్నాను.

ఆయన తల బయటికి పెట్టాడు. బస్సు కిటికీల్లోంచి ఆత్మకూరుకు పోయే జనమంతా చూస్తున్నారు, వాళ్లలో ఆయన ఆఫీసువాళ్లూ ఉన్నారు. నన్ను చూడలేదు ఆయన. కండక్టరును చూశాడు.

"ఏం లేదులే, మా బండి బాగానే ఉండాది. మీరు పోనీండి."

నేను ఎక్కాలి, ఆగండి అని అరిచాను. కారున్న మొగవాడు పొమ్మంటే, రోడ్డు మీద ఆడదాని కేక ఏ కండక్టరు వింటాడు? విజిల్ ఊదాడు. బస్సు మా బండి పక్కగా ఆ ఉలవను కరకర తొక్కుకుంటూ, ఏమీ పట్టని పెద్దమనిషిలాగా దాటిపోయింది. నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను.

చివరికి ఒక బత్తాయి లారీ పట్టుకుని నెల్లూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దున్నే పిలిచాం, లేరని రాసుకున్నాం అని చెప్పి, గుమాస్తా అన్నం క్యారియరు విప్పుకున్నాడు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. వారంలో దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో లేచాడు. మండే బండిలోంచి ప్రభువు మమ్మల్ని ఎట్లా కాపాడాడో గొంతు వణికిస్తూ చెప్పాడు. ఉలవ మాట ఎత్తలేదు, బస్సు మాట అసలే లేదు. నా ఉద్యోగం సంగతికి వచ్చి, కళ్లు తుడుచుకుని, అది దేవుని చిత్తం కాదు, మేము లోబడినాము అన్నాడు. సంఘమంతా స్తోత్రం అన్నది.

మేము అన్నాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్ల చాప మీద నుంచి లేచి నిలబడ్డాను. నేనూ సాక్ష్యం చెబుతాననుకుని పాస్టరుగారు సంతోషంగా తలూపారు.

"స్ప్రింగులు కోయించినాది దేవుడు కాదు," అన్నాను. "బస్సును పొమ్మన్నాది కూడా దేవుడు కాదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు కాసేపు పుస్తకం తిరగేసి, పాట ఎత్తుకోమన్నారు. నేను కూర్చుని అందరితో పాటు పాడాను, గట్టిగానే. చర్చి అయ్యాక ఆయన బయట కారు దగ్గర నిలబడి, తోయడానికి నన్ను పిలిచాడు. నేను చెప్పులు వేసుకుని ఇంటికి నడిచిపోయాను.