తడి లేని నేల మీద ఉప్పు

నా కూతురి మీద ఒట్టేసి చెప్పమంటే మాత్రం చెప్పను. ఇంకెవరి మీదైనా వేస్తాను... నా మీద, మా ఆయన మీద, మీ చేతిలోని ఆ టీ కప్పు మీద కూడా. పిల్ల మీద మాత్రం వేయను. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది. కానీ ఇది నిజం. ఈ కళ్లతో చూశాను... ఈ వేళ్లతో తుడిచాను.

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. నేనూ ఒకప్పుడు మీలాంటిదాన్నే. యూనివర్సిటీ క్యాంపస్‌లో జువాలజీ ల్యాబ్‌లో పని నాది. పాములకూ కప్పలకూ భయపడను. దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే, నాకొచ్చే జీతానికి దయ్యం కూడా పట్టదులే అని జోకులేసేదాన్ని.

తార్నాకలో మా ఫ్లాటు క్యాంపస్ కాంపౌండ్ గోడకు ఎదురుగానే ఉంటుంది. మధ్యలో ఒక్క సందు. హాల్లో చిన్న అక్వేరియం పెట్టుకున్నాను. మామూలుది కాదు, సముద్రపు చేపలకు పెట్టే ఉప్పునీటి ట్యాంకు. అందులో నారింజ రంగు చేపలు రెండు. మా మిన్ను వాటిని జోకర్లు అంటుంది. దానికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు.

ఉప్పునీటి ట్యాంకుతో ఒక తద్దినం ఉంది. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. బుడగలు చిట్లి తుంపర పడిన చోటల్లా పేరుకుంటుంది. గాజు అంచు మీద, పైపు మీద, వైరు మీద... తెల్లగా పెచ్చులు కడుతుంది. వదిలేస్తే తడిని పీల్చుకుంటూ ఇంకాస్త ముందుకు పాకుతుంది. వైరు వెంట ప్లగ్గు దాకా వెళ్లిందంటే ఇల్లే తగలబడొచ్చు. అందుకే ప్రతి ఆదివారం గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి తుడుస్తాను. పెచ్చులు లోపల చేపల మీద పడకుండా జాగ్రత్తగా తీస్తాను. తగ్గిన నీళ్ల మేరకు మంచినీళ్లు పోస్తాను. అంతే, పెద్ద విద్యేమీ కాదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఉప్పు దానంతట అది నడవదు. తడి ఉంటేనే నడుస్తుంది.

ఆ రోజూ ఆదివారమే. పొద్దున్నే అద్దంలా తుడిచిపెట్టాను. సాయంత్రం నల్లకుంటలో రిసెప్షన్‌కు వెళ్లాం. మిన్నుకు కొత్త లంగా జాకెట్టు. వచ్చినవాళ్లంతా దాని బుగ్గలు గిల్లారు. ఇంటికి వచ్చేసరికి పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మా ఆయన అటునుంచి అటే నైట్ డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇంట్లో నేనూ, పిల్లా, మా అత్తమ్మ. ఆమెది జనగామ దగ్గర పల్లె. చేను కౌలుకిచ్చి, మనవరాలి దగ్గర నాలుగు రోజులుందామని వచ్చింది.

"పిల్లకు దిష్టి తాకింది" అంది పిల్ల నుదురు పట్టుకోగానే. "గాడ ఫంక్షన్ల ఎర్రచీరామె ఎట్ల సూసిందో నువ్వు సూడలే."

"వైరల్ ఫీవర్ అత్తమ్మా. సిరప్ పోసిన. తగ్గుతది."

"నీ వైరల్ సంగతి నువ్వు సూస్కో. నా ఉప్పు నేను తీస్త."

నాకు విసుగొచ్చింది. డాక్టరుకు ఫోన్ చేయడానికి వంటింట్లోకి వెళ్లాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది... "ఇరుగు దిష్టి... పొరుగు దిష్టి..." పిల్ల చుట్టూ మూడుసార్లు పిడికెడు దొడ్డుప్పు తిప్పింది. తిప్పాక ఆ ఉప్పును నీళ్లలో వేయాలి. కరిగిపోతే దిష్టి కూడా పోయినట్టే. ఇది మనందరికీ తెలిసిందే.

కాకపోతే ఆ రోజు మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ మోటారు కాలిపోయింది. కుళాయిలో చుక్క లేదు. బకెట్లు బోర్లించి ఉన్నాయి. పిల్లకు కాచి చల్లార్చిన నీళ్లు ఒక్క సీసాలో ఉన్నాయి. మరి ఆ ఉప్పు ఎందులో వేసిందో... నేను అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు.

రాత్రి. పిల్ల పక్కన కూర్చున్నాను. నేల మీద పరుపు. అవతలి గదిలో అత్తమ్మ నిద్రపోయింది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి...

చిట్.

హాల్లోంచి. మళ్లీ... చిట్... చిటచిట... చిట్. నిప్పుల్లో ఉప్పు వేస్తే పేలుతుంది చూశారూ... అచ్చం అలా. నా మొదటి భయం మామూలు భయమే. ప్లగ్గు దగ్గర షార్ట్ అవుతోందేమో! ఒక్క ఉదుటున లేచాను.

హాల్లో ట్యాంకు నీలం లైటు తప్ప వెలుగు లేదు. ట్యాంకుకు పెట్టిన బుడగల మోటారు నడుస్తోంది. ప్లగ్గు బాగానే ఉంది. మరి శబ్దం... దగ్గరికి వెళ్లాను.

పొద్దున తుడిచిన గాజు అంచు మీద ఉప్పు. పొర కాదు... మందంగా, నెలల తరబడి పేరుకున్నట్టు. అంచు దాటి కిందికి దిగింది. స్టాండు మీదుగా నేల మీదికి. అక్కడి నుంచి వైరు వెంట పోయింది. చేపలు రెండూ ఓ మూలన ఆగి ఉన్నాయి. అసలు కదలడం లేదు. వాటి మూతులు పడకగది వైపు ఉన్నాయి.

వైరు పడకగది గుమ్మం పక్క బోర్డు దాకానే ఉంటుంది. వైరు ఆగిపోయింది... ఉప్పు ఆగలేదు.

గుమ్మం దాటి సన్నని తెల్లని గీత. మోకాళ్ల మీద కూర్చున్నాను. అరచేత్తో టైల్స్ తడిమాను. పొడిగా ఉన్నాయి... చల్లగా, పొడిగా. ఇంట్లో చుక్క నీళ్లు లేవు కదా, నేల ఎలా తడుస్తుంది? తడి లేకపోతే ఇది ఎలా నడిచింది?

చున్నీ కొంగుతో తుడిచాను. తుడిచిన చోట శుభ్రమైంది. ముందుకు జరిగి ఇంకాస్త తుడిచాను. వెనక... చిట్. తిరిగి చూశాను. తుడిచిన చోట మళ్లీ తెల్లగా ఉంది.

నిజం చెబుతున్నాను, గీత చివర ఎక్కడుందో చూడాలని లేదు. అయినా చూశాను. మిన్ను పరుపు అంచు ఎక్కి... దిండు దగ్గర ఆగింది. పిల్ల చెంపకు బెత్తెడు దూరంలో. పిల్ల కళ్లు మూసుకునే ఉంది. పెదాలు చప్పరిస్తోంది. మెల్లగా... ఏదో రుచి చూస్తున్నట్టు.

"అమ్మా... ఉప్పగున్నది" అంది.

నేను అరిచిన అరుపుకు అత్తమ్మ లేచి పరుగున వచ్చింది. పిల్లను ఎత్తి గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుపోయాను. లైటు వేసి, నేల మీద గీత చూసి, అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అత్తమ్మా, దిష్టి తీసిన ఉప్పు ఏడ ఏసినవ్?"

"నీళ్లల్లనే ఏసిన బిడ్డా."

"నీళ్లెక్కడియి ఇంట్ల?"

ఆమె ట్యాంకు వైపు చూసింది.

"ఎట్లైనా ఉప్పునీళ్లే గద అనుకున్న. కరిగితే పోతది గద..."

"గా నీళ్లల్ల కరిగింది పోదత్తమ్మా" అన్నాను. "అది మల్ల పైకొస్తది. నేను వారం వారం తుడుస్తున్నది గదే."

ఆ మాటతో ఆమె గీతకు రెండడుగులు దూరంగా జరిగింది. నాకు ధైర్యం చెప్పాల్సిన మనిషి ఆమె. ఆమే భయపడితే ఇంక నా గతేమిటి?

నీళ్లు మార్చడానికి ఎప్పుడూ ఒక డబ్బాలో ఉప్పునీళ్లు కలిపి ఉంచుకుంటాను. చేపల్ని అందులోకి వదిలాను. ట్యాంకు నీళ్లు బకెట్లలోకి తోడాను. బాత్రూమ్‌లో పారబోయబోతే అత్తమ్మ చేయి పట్టుకుంది.

"మోరీల వద్దు, ఇంట్లనే తిరుగుతది. ఎవ్వలు తొక్కని జాగల పొయ్యి. పోసినంక ఎనకకు తిరిగి సూడకు. కాళ్లు కడుక్కొనే ఇంట్లకు రా."

పిల్లను ఆమె ఒళ్లో పెట్టి దిగాను. మాణికేశ్వర్ నగర్ వైపు వెళ్తే కాంపౌండ్ గోడ కూలిన చోట ఒక కంత ఉంది. పొద్దున వాకింగ్‌కు వెళ్లేవాళ్లు అందులోంచే దూరుతారు. దాని అవతల, దారికి పక్కగా, ఎవరూ తొక్కని బండరాళ్లు, ముళ్లకంప. బకెట్ తొణికి నా కాళ్ల మీద పడుతూనే ఉంది. రోజూ నా స్కూటీ వెంటపడే కుక్కలు ఆ రాత్రి దారి ఇచ్చాయి. బండల మీద పోశాను. మళ్లీ వచ్చి, గుమ్మం బయట పెట్టిన రెండోది తీసుకెళ్లి పోశాను. తిరిగి వస్తుంటే వెనక...

చిట్.

చూడలేదు. నా తండ్రి తోడు, వెనక్కి చూడలేదు.

గుమ్మంలో నిలబడ్డాక గుర్తొచ్చింది. కాళ్లు కడుక్కోవాలి. నీళ్లేవి? సీసాలో అడుగున ఉన్నవి పిల్ల మందుకు కావాలి. లోపల పిల్ల ఏడుస్తోంది. డోర్‌మ్యాట్‌కు పాదాలు రుద్దుకుని... లోపలికి వచ్చేశాను.

తెల్లవారేసరికి మిన్నుకు జ్వరం జారింది. ఒళ్లంతా చెమట. ముద్దు పెట్టుకుంటే కణత ఉప్పగా తగిలింది. చెమటే. చెమట ఉప్పగానే ఉంటుంది. డాక్టరు వైరల్ అన్నాడు, సిరప్ పనిచేసింది అన్నాడు. అయ్యుండొచ్చు. చేపలిప్పుడు మా ల్యాబ్‌లో హాయిగా ఉన్నాయి. ట్యాంకు బాల్కనీలో బోర్లించి ఉంది. ఇంట్లో మళ్లీ ఆ శబ్దం రాలేదు.

కానీ గోడ...

మా గేటుకు సరిగ్గా ఎదురుగా, కాంపౌండ్ గోడకు మా వైపున, తెల్లగా ఒక గీత మొదలైంది. నేను నీళ్లు పోసింది అక్కడ కాదు. ఆ కంత చాలా దూరం.

"పాత గోడనే, నెమ్ముకు సున్నం తేలింది" అంటాడు మా ఆయన. "ప్రతిదానికి భయపడితే ఎట్ల?"

నిజమే కావచ్చు. పాత గోడలకు నెమ్ము పడితే సున్నం తేలుతుంది. కానీ ఇది ఎండాకాలం. నేను అరచేయి పెట్టి చూశాను... పొడిగా ఉంది. అందుకే ప్రతి ఆదివారం గోరువెచ్చని నీళ్లు, గుడ్డ పట్టుకెళ్లి తుడిచి వస్తున్నాను. వాచ్‌మన్ నాకు పిచ్చి అనుకుంటున్నాడు. అనుకోనీ. మళ్లీ ఆదివారానికి అది ఉంటుంది... కాస్త కిందికి దిగి ఉంటుంది.

మొన్న మిన్నును ప్లేస్కూల్‌కు తీసుకెళ్తూ గేటు దాటాను. గోడ వైపు చూడకుండా నడుస్తున్నాను. మిన్ను నా చేయి లాగింది.

"నాయిన సున్నం అంటడు గద... సున్నం కాదమ్మా. ఉప్పే."

నీకెలా తెలుసు అని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.