దొర సత్రంలో పావురాలు లేని పొగగొట్టం

సరుగుడు కట్టెల పొగ తగిలితే నేనిప్పటికీ తలెత్తి పొగగొట్టం కోసం వెతుకుతాను. మొన్న తొండియార్‌పేటలో ఒక టీకొట్టు దాటుతుంటే ఆ వాసనే వచ్చింది.

మద్రాసు మనకొస్తుందా రాదా అని పెద్దవాళ్లు వాదించుకునే రోజుల్లో, రాయపురంలో, ఉప్పుగాలికి గార పెచ్చులూడుతున్న ముసలాళ్ల సత్రం ఒకటుండేది. కుంపెనీ కాలంలో ఎవరో దొర తమ దేశపు ధర్మసత్రాల నమూనాలోనే కట్టించాడట: నడుమ ముంగిలి, చుట్టూ వరసగా పన్నెండు ఒంటిగది ఇళ్లు, ఒకటే గేటు, దాని మీద దొర పేరు చెక్కిన రాయి, గదిగదికీ చలిమంట గూడు, పైన పొగగొట్టం. మద్రాసు ఉక్కలో చలిమంటేమిటి, నా తలకాయ! గొట్టాల్లో పావురాలు కాపురం పెట్టాయి. గదిలో నిప్పు రాజెయ్యకూడదు, అందరూ ఉమ్మడి వంటే తినాలి, తప్పితే గది ఖాళీ చెయ్యాలి.

మా అవ్వ చెల్లెలు చిన్నవ్వ అక్కడుండేది. పిల్లల్లేని వితంతువు, అక్క ఇంట పడి తినడం నామోషీ. పరుల చేతి వంట ముట్టని మడి మనిషి. మరేం తిని బతుకుతోందని మా ఇంట్లో అందరికీ అనుమానమే. శుక్రవారం పొద్దున బడికి పోతూ నేను అవ్వ పంపిన పళ్లిస్తే, తలుపు గడియ వేసి, చలిమంట గూటికి అడ్డం కట్టిన చాప వెనక నుంచి చారన్నం తీసి పెట్టేది.

"ఈడ తిన్నట్టు ఎవురికీ చెప్పబాక మే" అనేది.

సత్రం వార్డెనుకూ అనుమానమే, గుమ్మాల దగ్గర వాసన చూస్తూ తిరిగేవాడు. ఒకనాడు గేటు దగ్గర నన్నాపి, పిప్పరమెంటు చేతిలో పెట్టి, ఏం తిన్నావని అడిగాడు. నేను చెప్పలేదు. పావురాలెన్నో లెక్కపెట్టావా అన్నాడు. అది చెప్పొచ్చు కదా!

"అన్ని గొట్టాల్లోనూ ఉండాయి సార్. మా చిన్నవ్వ గొట్టంలోనే ఒక్కటీ లేదు."

ఆయన తలెత్తి చూసి, తిన్నగా ఆ గదికే పోయాడు. చాప వెనక సరుగుడు కట్టెల బూడిద ఇంకా వేడిగానే ఉందట. పంక్తిలో కూర్చుంటావా, మూట కట్టుకుంటావా అన్నాడట. ఆ మధ్యాహ్నం చిన్నవ్వ పంక్తిలో కూర్చుంది. మొదటి ముద్ద నోటిదాకా తీసుకుపోయి చాలాసేపు అలాగే పట్టుకుందని చూసొచ్చిన అవ్వ ఏడుస్తూ చెప్పింది.

ఆ తర్వాత చిన్నవ్వ తలుపు గడియ వెయ్యలేదు, చారన్నం పెట్టలేదు. ఎవరు చెప్పారనీ అడగలేదు.

ఇప్పుడక్కడ ఫ్లాట్లు లేచాయి. గొట్టాలూ లేవు, దొర పేరున్న రాయీ లేదు. పావురాలు మాత్రం బాల్కనీల్లో ఉన్నాయి. నా నోటి నుంచే బయటపడిందని చిన్నవ్వకు తెలుసా అన్న అనుమానం నన్ను వదలదు. పోయే ముందు ఒక్కసారి నా చెయ్యి పట్టుకుని అడిగింది:

"పిప్పరమెంట్లంటే నీకంత ఇష్టమా మే?"